పాత తోటల తెల్ల వైన్: తేడా తీగ వయసు వల్లనా, నేల వల్లనా?

మెట్టతోట (చీపురుపల్లి) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గరి పల్లె. ఉద్యాన శాస్త్రంలో డిగ్రీ పూర్తి చేశాను. దక్షిణాఫ్రికాలోని పశ్చిమ కేప్ ప్రాంతంలో ఒక వైన్ తయారీ కేంద్రంలో, రానున్న కోతల కాలానికి సహాయకుడిగా పని దొరికింది. అక్కడ కోతలు జనవరి చివర మొదలై ఏప్రిల్ దాకా సాగుతాయట. వాళ్లు ముఖ్యంగా చేసేది తెల్ల వైన్. షెనిన్ బ్లాంక్, సెమియాన్ అనే రెండు రకాల నుంచి, అదీ నలభై ఏళ్లు పైబడిన తోటల కాయతో మాత్రమే.

పని వివరాలు రాసి పంపిన కాగితంలో రెండు సంగతులు నాకు అంతుపట్టలేదు. తోట ఎకరం ఉన్నా అరెకరం ఉన్నా దాని కాయను మరో తోట కాయతో కలపరు. విడిగా పిండి, విడి పీపాల్లో పులియబెట్టి, నెలల తరబడి ఉంచి, రుచి చూశాకే కలపాలో వద్దో నిర్ణయిస్తారు. పైగా ఆ పీపాలన్నీ పాతవే అయి ఉండాలి, కొత్త ఓక్ పీపా ఒక్కటి కూడా వాడరు. ఇంత శ్రమ దేనికి?

మా ఇంట్లో సువర్ణరేఖ మామిడి తోట ఉంది. ముదిరిన చెట్టు కాపు తగ్గితే కొమ్మలు నరికి మళ్లీ చిగురింపజేయాలని మాకు పాఠాల్లో చెప్పారు, మా నాన్నగారు చేసేదీ అదే. దిగుబడి పడిపోయిన తోటను అలాగే ఉంచి అపురూపంగా చూసుకోవడం నేనెక్కడా చూడలేదు. అందుకే అడుగుతున్నాను. వయసు మీరిన తీగ రసంలో నిజంగా తేడా ఉంటుందా, లేక సీసా మీద ‘పాత తీగలు’ అని రాస్తే మంచి ధర పలుకుతుందనా? తేడా ఉన్నదే అనుకుంటే అది వయసు వల్ల వచ్చిందా, ఆ తీగ నిలబడిన నేల వల్లనా? అటువంటి కాయ చేతికి వచ్చాక తయారీలో మారవలసింది ఏమిటి?

మద్యం మంచి చెడ్డల చర్చ వేరే ఉంది, దానికి నేను వ్యతిరేకిని కాను. ఇక్కడ మాత్రం ఒక వృత్తి పనిగా దీన్ని అర్థం చేసుకోవాలన్నదే నా కోరిక.

నాగావళి గట్టు (స్వస్థలం ఆమదాలవలస) జవాబు

తమ్ముడూ, ముందుగా శుభాకాంక్షలు. నేను కేప్‌టౌన్‌కు ఉత్తరాన ఉన్న స్వార్ట్‌లాండ్ ప్రాంతంలో తెల్ల వైన్ చేసే చోటే పనిచేస్తున్నాను, కాబట్టి మీరు వెళ్లబోయే తోటల స్వభావం నాకు తెలుసు.

అసలు ఈ తోటలు ఎందుకు మిగిలాయో తెలుసుకుంటే మీ ప్రశ్నలో సగం తేలిపోతుంది. దక్షిణాఫ్రికాలో అన్ని ద్రాక్ష రకాల కంటే ఎక్కువ విస్తీర్ణంలో ఉన్నది షెనిన్ బ్లాంకే. పాతకాలపు రైతులు దాన్ని ‘స్టీన్’ అంటారు. గత శతాబ్దం అరవైల నుంచి ఎనభైల దాకా దాన్ని అంత విస్తారంగా నాటింది గొప్ప వైన్ కోసం కాదు. బ్రాందీ బట్టీలకూ చవక తెల్ల వైన్‌కూ రసం కావలసి వచ్చింది. ఈ రకం విరగకాస్తుంది, ఎండలు మండినా పులుపు నిలుపుకుంటుంది. రైతు కాయను సహకార సంఘానికి తోలేవాడు, టన్నుల లెక్కన డబ్బు తీసుకునేవాడు. ఆ లెక్కలో ముదిరిన తోట దండగే. తొంభైల తర్వాత ఎర్ర వైన్‌కు గిరాకీ పెరిగేసరికి ఎన్నో షెనిన్ తోటలను పీకి ఎర్ర రకాలు నాటారు.

2002 నుంచి రోసా క్రూగర్ అనే తోటల నిపుణురాలు ఊరూరా తిరిగి, మిగిలిన పాత తోటలను వెతికి జాబితా రాయడం మొదలుపెట్టారు. ఆ పని 2016లో ‘ఓల్డ్ వైన్ ప్రాజెక్ట్’ అనే సంస్థగా రూపుకట్టింది. 2018 నుంచి, 35 ఏళ్లు నిండిన తోట కాయతో చేసిన సీసాకు ఆ తోట నాటిన సంవత్సరంతో సహా ఒక ముద్ర వేస్తున్నారు. సంవత్సరం రాయవలసి రావడమే ఇందులోని అసలు బలం. రాసినది రికార్డులతో సరిపోలాలి. ఫ్రాన్స్‌లో ‘పాత తీగలు’ అన్న మాటకు చట్టంలో నిర్వచనమే లేదు, ఎవరైనా రాసుకోవచ్చు. ఆస్ట్రేలియాలోని బరోసా లోయవారు 2009లో 35, 70, 100, 125 ఏళ్లని నాలుగు మెట్లు పెట్టుకున్నారు. అంతర్జాతీయ ద్రాక్ష, వైన్ సంస్థ 2024లో 35 ఏళ్లనే హద్దుగా ఒప్పుకుంది. కనుక అది అమ్మకం కోసం అన్న మాటేనా అని మీరు అడిగినదానికి జవాబు, సీసా ఏ దేశానిదో దాన్నిబట్టి ఉంటుంది.

ఇక వయసా, నేలా అన్నది. నా అభిప్రాయంలో ఆ రెండింటినీ విడదీయడం కుదరదు, దానికి కారణం చాలా మామూలుది. నాసి కాయ ఇచ్చిన తోటనూ, వేరు దిగని నేలలోని తోటనూ, ఏటా ఎండిపోయే తోటనూ రైతు ఎప్పుడో పీకేశాడు. యాభై, అరవై ఏళ్లు గడిచాక కూడా నిలిచి ఉన్నదంటే అది అనువైన చోట పడిన తోట అయి ఉండాలి, లేదా ఇంకే పంటకూ పనికిరాని రాతి గుట్ట మీదిదై ఉండాలి. ఇక్కడికి దగ్గర్లోని, పశ్చిమ కేప్‌కే చెందిన ఫ్రాన్ష్‌హుక్ లోయలో 1905లో నాటిన సెమియాన్ తోట ఒకటి ఉంది. దానితోపాటు ఆ ఏడు నాటిన మిగతా తోటలు ఏమయ్యాయని అడిగితే, నేల ఎంత కఠినంగా ఏరివేస్తుందో అర్థమవుతుంది. కాబట్టి పాత తోట వైన్ బాగుందని అన్నప్పుడు మనం మెచ్చుకుంటున్నది ఇలా ఏరివేతలో నిలిచిన చోటును కూడా.

మీరు అక్కడికి వెళ్లిన మొదటి వారంలోనే ఒక తీగ ముందు కూర్చుని చూడండి. మనవైపు ద్రాక్ష అంటే పందిరి గుర్తుకొస్తుంది. అక్కడ పందిరి ఉండదు, తీగ వంటిదీ కనబడదు. మోకాలి ఎత్తున, తొడంత లావున, నల్లగా మెలితిరిగిన మొద్దు ఉంటుంది. చాలావాటికి ఒక పక్క కుళ్లి తొర్ర పడి ఉంటుంది, వేలు పెడితే పొడి రాలుతుంది. రెండో పక్క అరచేతి వెడల్పున బతికి ఉన్న బెరడు పట్టీ ఒక్కటే నేల నుంచి పైకి వెళ్లి, రెండు మూడు చేతుల్లాంటి కొమ్మలకు నీరు అందిస్తుంది. ఆ కొమ్మల చివర పిడికిలి కంటే కాస్త పెద్దవిగా గుత్తులు, పండ్లు చిన్నవి, తొక్క దళసరి. నీటి పారుదల ఉన్న లేత తోట హెక్టారుకు (దాదాపు రెండున్నర ఎకరాలకు) పదిహేను, ఇరవై టన్నులు ఇస్తే, వర్షాధారపు పాత తోట మూడు, నాలుగు టన్నులు ఇస్తే గొప్ప.

విడివిడిగా ఎందుకు చేస్తారన్నదానికి జవాబు నేల తేడాల్లో ఉంది. మా ప్రాంతంలోని పార్డెబర్గ్ కొండ మీద గ్రానైటు శిథిలమై పప్పుబద్దలంత గరుకు రేణువులైన నేల ఉంటుంది. అక్కడి షెనిన్ సన్నగా, నిటారుగా, పులుపు ముందుకు వచ్చేలా ఉంటుంది. కొద్ది దూరంలో రీబీక్ దగ్గర పలకరాతి నేల. అదే రకం అక్కడ బరువుగా, నోటి మధ్యలో నిండుగా ఉంటుంది. ఇంకా ఉత్తరాన స్కుర్ఫ్‌బర్గ్ మీద ఇసుకరాయి నుంచి వచ్చిన ఎర్ర ఇసుక, అట్లాంటిక్ మీది చల్లగాలి. ఈ మూడింటినీ ఒకే తొట్టెలో పోస్తే సగటు వైన్ వస్తుంది, దాంట్లో ఏ కొండా కనబడదు. పీపాల సంగతి కూడా దీనితోనే ముడిపడి ఉంది. ఎకరం తోట హెక్టారుకు నాలుగు టన్నుల చొప్పున కాస్తే చేతికొచ్చేది ఒకటిన్నర టన్నులకు కాస్త ఎక్కువ. గుత్తులను నలగ్గొట్టకుండా పిండితే టన్నుకు ఇంచుమించు 600 లీటర్ల రసం. అంటే 225 లీటర్ల పీపాలు నాలుగు నిండుతాయి. పెద్ద స్టీలు ట్యాంకుల్లో ఇంత తక్కువ రసం పోస్తే పైన గాలి మిగిలిపోయి పాడవుతుంది. పీపా పాతదే ఎందుకంటే, కొత్త ఓక్ చెక్క తన వాసనను వైన్‌కు ఇస్తుంది; నాలుగైదు సార్లు వాడిన పీపా ఏమీ ఇవ్వదు, చెక్క రంధ్రాల గుండా అతి కొద్ది గాలిని మాత్రం లోపలికి రానిస్తుంది. మనకు కావలసింది ఆ గాలే.

తయారీలో మీరు నేర్చుకోవలసినదాంట్లో ముఖ్యమైనది పిండే పద్ధతి. తెల్లవారుజామున చిన్న డబ్బాల్లోకి కోసిన కాయను రాత్రంతా చల్లటి గదిలో ఉంచి, మర్నాడు కాడలతో సహా గుత్తులను యథాతథంగా ప్రెస్సులో వేస్తారు. కాడలు లోపల దారులు చేసి రసం సాఫీగా కారేలా చూస్తాయి. ఒత్తిడి తక్కువగా, చాలా నిదానంగా పెంచాలి. వర్షాధారపు తోట పండు చిన్నది, తొక్క దళసరి. గట్టిగా నొక్కితే తొక్కలోని వగరూ చేదూ దిగిపోతాయి. చివరి రసంలో పొటాషియం ఎక్కువ, అది పులుపును చంపుతుంది. కాబట్టి ప్రెస్సు దగ్గర ఒక మనిషి గ్లాసు పట్టుకుని, కారుతున్న రసాన్ని మాటిమాటికీ నోట్లో వేసుకుని చూస్తూ, వగరు తగలగానే పళ్లెం మార్చి మిగతాది వేరే పాత్రలోకి పట్టాలి. ఆ పని మీకు అప్పగిస్తే అదృష్టంగా భావించండి.

ఆ రసం మట్టి రంగులో, చెరుకు రసం నిలవ ఉన్నట్టు కనిపిస్తుంది. కంగారు పడకండి. గాలికి రంగు మారకుండా ఆపే సల్ఫర్ డయాక్సైడ్‌ను చాలామంది ఈ దశలో వేయరు. గాలికి రంగు మారే పదార్థాలన్నీ ఇప్పుడే మారిపోయి మడ్డితో పాటు అడుగుకు దిగిపోతాయి, పులిసిన తర్వాత వైన్ లేత బంగారు రంగులోకి తేటపడుతుంది. ఒక రాత్రి చల్లగా తేర్చి పీపాల్లోకి తోడుతారు, అయితే అద్దంలా తేర్చకూడదు. కాస్త మబ్బుగా ఉన్న రసంలోనే, దాన్ని పులియబెట్టే ఈస్ట్‌కు తిండి ఉంటుంది. ఆ తర్వాత చేయగలిగింది తక్కువ. బయటి ఈస్ట్ వేయకుండానే పీపా లోపల అదే పులుస్తుంది, కొన్ని వారాలు పట్టవచ్చు, కొన్ని పీపాలకు నెలలు పడుతుంది. పులిసిన వైన్‌ను దాని మడ్డి మీదే పది, పదకొండు నెలలు ఉంచి, తరిగినంత మేర పీపాను నింపుతూ రావాలి.

విశ్రాంత ఉద్యాన ఉద్యోగి (విజయనగరం) జవాబు

పై జవాబు చాలా ఉపయోగకరంగా ఉంది. అందులో ఏరివేత గురించి రాసిన మాట నాకు మరీ నచ్చింది. మొక్క వైపు నుంచి కొన్ని సంగతులు చేర్చాలనిపించింది, ఒకటి రెండు హెచ్చరికలు కూడా.

ముదురు తీగ మొదలులోనూ వేర్లలోనూ పిండి పదార్థమూ నత్రజనీ ఎక్కువగా నిలవ ఉంటాయి. వసంతంలో ఆకు రావడానికి ముందు చిగురు బతికేది ఆ నిలవ మీదే. వేరు లోతుకు దిగి ఉంటుంది కనుక ఒక ఏడు వాన తగ్గినా, వడగాడ్పు వీచినా, లేత తీగలా ఆకు వాల్చి పండడం ఆపేయదు. ఆకు విస్తీర్ణానికీ కాయ భారానికీ మధ్య పొత్తు దానంతటదే కుదిరి ఉంటుంది, గుత్తులు తీసివేసి సరిచేయనక్కరలేదు. కాబట్టి పాత తోటకు గట్టిగా చెప్పగల గుణం నిలకడ: ఏటేటా కాయ స్వభావం పెద్దగా మారదు. వయసు పెరిగినంత మాత్రాన రుచి పెరుగుతుందా అన్నదానిపై జరిగిన ప్రయోగాల ఫలితాలు ఒకదానితో ఒకటి ఏకీభవించడం లేదు. ఒకే నేలలో, ఒకే రకాన్ని, ఒకే వేరుమూలంపై (అంటు కట్టేటప్పుడు కింద వాడే వేరు మొక్కపై) వేర్వేరు వయసుల్లో పక్కపక్కన పెంచి పోల్చడం ఎంత కష్టమో ఆలోచిస్తే ఇది సహజమే.

దిగుబడి తగ్గడాన్ని కూడా అంతా గొప్పగా చూడకండి. అందులో కొంత వయసు తెచ్చిన సమతూకం, కొంత శుద్ధ రోగం. మొద్దులో తొర్ర అని పైన రాశారు కదా, అది కత్తిరింపు గాయాల గుండా చేరిన శిలీంధ్రాల పని. లీఫ్‌రోల్ వైరస్ అని ఇంకొకటి ఉంది, పిండినల్లి దాన్ని తీగ నుంచి తీగకు మోస్తుంది; దక్షిణాఫ్రికా తోటలకు అది పాత శత్రువు. ఎర్ర రకాల్లో ఆకు ఎర్రబడి అంచులు కిందికి చుట్టుకుంటాయి కనుక ఇట్టే తెలుస్తుంది. తెల్ల రకాల్లో కాస్త పసుపు తిరగడం తప్ప పెద్దగా కనబడదు, అందుకే మీరు వెళ్లే తోటల్లో మరింత జాగ్రత్త అవసరం. సోకిన తీగ కాయ ఆలస్యంగా పండుతుంది, తీపి పూర్తిగా ఎక్కదు. ఒకే గట్టు మీద పండినవీ పండనివీ కలిసి ఉంటాయి కాబట్టి అటువంటి తోటను ఒక్కసారే కోయకుండా రెండు మూడు విడతలుగా కోస్తారు. ఒక తోట పని ముగించి మరో తోటలోకి వెళ్లేటప్పుడు బట్టలూ డబ్బాలూ దులుపుకోమని అక్కడివారు చెబితే తేలిగ్గా తీసుకోవద్దు, పిండినల్లి అలాగే ప్రయాణం చేస్తుంది.

మామిడితో మీరు పోల్చిన సంగతికి వస్తే, మీ నాన్నగారు చేసేది ముమ్మాటికీ సరైనదే. సువర్ణరేఖను మార్కెట్టు బరువుకూ రంగుకూ కొంటుంది. చెట్టుకు కాపు తగ్గితే రైతుకు నష్టం తప్ప కాయకు ఆ మేరకు ధర పెరగదు. పాత తోట ద్రాక్షకు కిలో ధర ఎక్కువ పెట్టేవాడు దొరికాడు కనుకనే ఆ తోట నిలిచింది. కొనేవాడు లేకపోతే ఎంత చరిత్ర ఉన్నా ట్రాక్టరు రాక తప్పదు. హెక్టారుకు కాపు నాలుగైదు రెట్లు తగ్గిన రైతుకు టన్నుకు ఆ మేరకు ధర దక్కుతోందా అన్నది మీరు అక్కడ తప్పక అడిగి తెలుసుకోవలసిన విషయం.

తిరిగి వచ్చాక మన జిల్లాలో ఇటువంటిది వీలవుతుందా అని మీకు తప్పక ఆలోచన వస్తుంది కనుక ఇప్పుడే చెబుతున్నాను: వీలు కాదు. ద్రాక్ష చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోయే మొక్క. మన వేడిలో దానికి ఆ నిద్ర లేదు. అందుకే నాసిక్ వంటి చోట్ల ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరు ప్రాంతంలో మరోసారి కత్తిరించి, జనవరి నుంచి మార్చి మధ్య కాయ కోస్తారు. విశ్రాంతి లేకుండా ఏడాది పొడవునా పెరిగే తీగ తొందరగా అలసిపోతుంది, చాలా తోటలను పదిహేను ఇరవై ఏళ్లకే తీసి మళ్లీ నాటుతారు. మన వైపు ఆ అక్టోబరు, నవంబరులే తుపాన్ల కాలం. లేత చిగురు మీద వాన పడితే బూజు తెగులును ఆపడం ఎవరి తరమూ కాదు. ఇక ఇంటి దగ్గర ప్రయోగంగా చేద్దామన్నా, 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఆబ్కారీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరమని గుర్తుంచుకోండి.

ఉద్దానం నావికుడు (సోంపేట) జవాబు

నేను వైన్ పని చేసినవాణ్ని కాదు, ఓడల మీద పని చేస్తాను. కానీ ఈ చర్చకు తప్పక పనికివచ్చే చోటు ఒకటి చూశాను కనుక రాస్తున్నాను. అది గ్రీసు దేశపు సాంటోరిని ద్వీపం.

మా ఉద్దానంలో 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను ఎలా నేలమట్టం చేసిందో చూసినవాణ్ని కాబట్టి, గాలికి తోటను ఎలా కాపాడుకుంటారన్నది నా కంట ముందు పడుతుంది. ఆ ద్వీపంలో వేసవి అంతా విపరీతమైన గాలి. అక్కడివారు ద్రాక్షను పైకి పోనివ్వరు. ఏటా కొమ్మలను గుండ్రంగా అల్లి, నేలకు ఆనుకుని ఉండే గంపలా చేస్తారు. కాయ ఆ గంప లోపల పండుతుంది, గాలీ ఇసుకా తగలవు. చుట్టూ ఎక్కడా పచ్చగడ్డి లేదు, అగ్నిపర్వతపు బూడిద, చేత్తో ఎత్తితే తేలిగ్గా ఉండే నురగరాయి. వాన చాలా తక్కువ, రాత్రిళ్లు సముద్రం మీది నుంచి వచ్చే పొగమంచు తేమే ఆధారం. రకం పేరు అసిర్టికో. వేసవి ఎండలో పూర్తిగా పండినా దాని పులుపు తగ్గదు, అందుకే ఆ తెల్ల వైన్ నాలుకను కోసినంత పదునుగా ఉంటుంది.

పై ఇద్దరి మాటలకు ఇది ఒక చిక్కు తెస్తుంది. కొన్ని దశాబ్దాలు గడిచి గంప ముదిరి కాపు తగ్గినప్పుడు దాన్ని నేల మట్టానికి నరికేస్తారు; పాత వేరు నుంచే కొత్త చిగురు వస్తుంది, మళ్లీ గంప అల్లుతారు. ఇలా ఒకే వేరు మీద గంప తర్వాత గంప మారుతూ వేర్లు వందల ఏళ్లవని అక్కడివారు చెబుతారు. అంటే పైన కనిపించే తీగ వయసు వేరు, కింద వేరు వయసు వేరు. మరి దేన్ని లెక్కపెట్టాలి? ఇలా సాగడానికి కారణం కూడా నేలే. 1860ల నుంచి ఐరోపా తోటలను తుడిచిపెట్టిన ఫిలాక్సెరా అనే వేరు పురుగు, బంకమట్టి లేని ఆ బూడిద నేలలో బతకలేదు. అందువల్ల అక్కడ, మిగతా చోట్లలా ఆ పురుగును తట్టుకునే మరో జాతి వేరు మీద అంటు కట్టనక్కరలేదు, తీగ తన సొంత వేరు మీదే నిలిచింది.

మెట్టతోట (చీపురుపల్లి) అడిగిన అనుబంధ ప్రశ్న

ముగ్గురికీ కృతజ్ఞతలు. మామిడికీ ద్రాక్షకూ తేడా మొక్కలో కాక కొనుగోలుదారులో ఉందన్న మాట నాకు తట్టలేదు. నావికుడు గారి ప్రశ్న కూడా బాగుంది. మామిడి కొమ్మలు నరికి చిగురింపజేయడం, ఆ గంపను నరకడం ఒకే రకం పనేమో అనిపిస్తోంది.

నాగావళి గట్టు గారిని రెండు విషయాలు అడగాలి. వర్షాధారపు పాత తోట రసంలో నత్రజని తక్కువ ఉంటుందని, అందువల్ల పులియడం మధ్యలో ఆగిపోతుందని చదివాను. బయటి ఈస్ట్ వేయకుండా వదిలేస్తే ఆ ప్రమాదం మరింత పెరగదా? ఇంకొకటి, షెనిన్‌కు చెప్పిన పద్ధతే సెమియాన్‌కూ సరిపోతుందా?

నాగావళి గట్టు జవాబు

నావికుడు గారికి ముందుగా నా నమస్కారం. సాంటోరిని గురించి నేను చదివానే గాని చూడలేదు. నా మాట ఏమిటంటే, రుచికి సంబంధించినంత వరకు లెక్కలోకి వచ్చేది వేరు ఎంత లోతున ఎంత కాలం స్థిరపడి ఉందన్నదే. కేప్ ప్రాంతానికి ఫిలాక్సెరా 1886లో చేరింది కనుక మా దగ్గర తీగలు దాదాపు అన్నీ అంటుకట్టినవే. వేరుమూలం ఒక జాతి, పై కొమ్మ ఇంకొకటి. మాకు ఆ రెండూ కలిసిన రోజే పుట్టినరోజు.

నత్రజని భయం నిజమైనదే. ఈస్ట్ వాడుకోగల నత్రజని లీటరుకు 150 మిల్లీగ్రాముల కంటే బాగా తగ్గితే అది ఆకలితో కుళ్లిన గుడ్ల వాసన విడుస్తుంది, ఆపైన తీపి మిగిలి ఉండగానే పని ఆపేస్తుంది. 22, 23 బ్రిక్స్ (రసంలో చక్కెర శాతాన్ని చెప్పే కొలత) దగ్గర కోసిన రసం పూర్తిగా పులిస్తే 13 శాతం ఆల్కహాలు వస్తుంది. చివరి రెండు బ్రిక్స్ దగ్గరే ఎక్కువగా ఆగుతుంది, ఎందుకంటే అప్పటికి ఆల్కహాలు పెరిగి ఈస్ట్ నీరసించి ఉంటుంది. కాబట్టి కోసిన రోజే రసాన్ని ప్రయోగశాలలో చూపించి అంకె తెలుసుకుంటాం. మరీ తక్కువైతే పోషకం కొద్దికొద్దిగా వేస్తాం, ఒక్కసారే వేయం. రసాన్ని అద్దంలా తేర్చవద్దని ముందు రాసింది కూడా ఇందుకే. చురుగ్గా పులుస్తున్న పక్క పీపా నుంచి కొంత తోడి, మందగించిన పీపాలో కలపడం అన్నిటికంటే మంచి వైద్యం. రోజూ ఉదయం సాయంత్రం హైడ్రోమీటరు పెట్టి సాంద్రత, ఉష్ణోగ్రత రాయాలి. ఆ పుస్తకం బహుశా మీ చేతికే ఇస్తారు. ఒక పీపా అంకె రెండు రోజులు కదలకపోతే వెంటనే పెద్దవాళ్లకు చెప్పండి, రేపు చూద్దామని ఊరుకోవద్దు. బయటి ఈస్ట్ వేస్తే తప్పా అంటే తప్పు కాదు. తోటలోనూ సెల్లార్‌లోనూ (వైన్ చేసి నిలవ ఉంచే గదిలోనూ) ఉన్న ఈస్ట్ జాతులు ఒకదాని తర్వాత ఒకటి పనిచేయడం వల్ల రుచికి పొరలు వస్తాయని మేము నమ్ముతాం, అందుకోసం ఆ ప్రమాదాన్ని ఒప్పుకుంటాం. మరీ నీరసంగా ఉన్న తోట రసానికి మాత్రం నేనైతే మంచి ఈస్ట్ వేసి కాపాడుకోమనే అంటాను. అరుదైన తోట కాయను మన పట్టుదల కోసం పాడుచేసే హక్కు మనకు లేదు.

సెమియాన్ దారి వేరు. షెనిన్‌కు పులుపు పుట్టుకతో ఎక్కువ, దాని పని పులుపును నిలబెట్టుకుంటూ పండడం. సెమియాన్‌కు పులుపు తొందరగా దిగిపోతుంది, తొక్క పలచన, వాన తగిలితే కుళ్లు పడుతుంది. కాబట్టి కోతకు సరైన రోజును పట్టుకోవడమే అందులో కష్టం. ఆస్ట్రేలియాలోని హంటర్ లోయలో 1908లో నాటిన సెమియాన్ తోట ఉంది. అక్కడ కోతల కాలంలో వానలు, ఉక్క. అందుకని కాయ పూర్తిగా తీపెక్కక ముందే కోసి, 10, 11 శాతం ఆల్కహాలుతో, ఓక్ తగలనివ్వకుండా స్టీలు ట్యాంకుల్లో చేసి తొందరగా సీసాల్లో పోస్తారు. మొదట అది నిమ్మరసంలా బోసిగా ఉంటుంది, ఆరేడేళ్లు సీసాలో ఉంటే చెక్క అంటకపోయినా కాల్చిన రొట్టె, తేనె వాసనలు వస్తాయి. ఫ్రాన్ష్‌హుక్‌లో వేసవి పొడిగా ఉంటుంది, కాయను ఇంకొంచెం పండనిచ్చి పాత పీపాల్లో చేస్తారు, నోటికి మైనంలా మెత్తగా తగులుతుంది. ఒకే రకం, రెండూ పాత తోటలే. వాన ఎప్పుడు పడుతుందన్నదాన్నిబట్టి రెండు పద్ధతులు పుట్టాయి. మీరు వెళ్లే చోట ఏ రోజు కోస్తున్నారో, ఎందుకు ఆ రోజే కోస్తున్నారో ప్రతి తోటకూ అడిగి రాసుకోండి.

ఇంకొక ముఖ్యమైన మాట. లీటరు రసం పూర్తిగా పులిస్తే ఇంచుమించు 50 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అది గాలి కంటే బరువు, కంటికి కనబడదు, తలుపులు మూసిన గదిలోనూ ఖాళీ చేసిన ట్యాంకు అడుగునా నిలిచి ఉంటుంది. ట్యాంకు కడగమన్నప్పుడు పరికరంతో గాలిని పరీక్షించకుండా, పైన మరో మనిషి నిలబడకుండా, ఎవరు తొందరపెట్టినా లోపలికి దిగవద్దు. లోపల ఎవరైనా పడిపోతే వెంటనే దిగి లాగాలని చూడవద్దు, ముందు కేక వేసి మనుషులను పిలవండి. ఇటువంటి ప్రమాదాల్లో రెండో ప్రాణం ఎక్కువగా అలాగే పోతుంది.

మెట్టతోట (చీపురుపల్లి)

తప్పక గుర్తుంచుకుంటాను. ప్రతి తోటకూ ఒక పేజీ చొప్పున పుస్తకం సిద్ధం చేసుకున్నాను: నాటిన సంవత్సరం, నేల, కోసిన తేదీ, ఆ రోజు బ్రిక్స్, రైతుకు టన్నుకు దక్కిన ధర. మే నెలలో తిరిగి వచ్చాక అందులో ఉన్నదాన్ని ఇక్కడే రాస్తాను.